రేడియోకి కనుబొమ్మలు లేవు

ఆ కబురు వచ్చేసరికి ఇవాలు చేపల కొట్టంలో మోచేతుల దాకా హాలిబట్ జిగురులో ఉంది. గోడకి మేకు మీద వేలాడే రేడియో రెండుసార్లు గరగరలాడింది.

"నువుగాక్, నువుగాక్. ఇవాలు దగ్గర్లో ఉందా?"

పట్నంలో ఓడల వ్యవహారాలు చూసే సోఫియె గొంతు అది. ఇవాలు కత్తి కింద పెట్టి మోచేత్తోనే మీట నొక్కింది.

"ఉన్నాను, చెప్పు."

"ఎర్రపొట్ట వాళ్లు నిన్ను తీసుకుంటామన్నారే! నాలుగు రోజులు. దారి చూపించాలి, ఊళ్ల సంగతులు చెప్పాలి. పడవ నడపడానికి మీ ఆయన్ని కూడా రమ్మన్నారు. ఎల్లుండి పొద్దున మీ ఊరి ముందు ఆగి ఎక్కించుకుంటారు."

ఎర్రపొట్ట అంటే వేసవిలో తొంభైమంది ప్రయాణికుల్ని వేసుకుని మంచు తీరం వెంట తిరిగే చిన్న ఓడ. దానికి కంపెనీ పెట్టిన పేరొకటి ఉంది గానీ నువుగాక్‌లో ఎవరూ ఆ పేరు పలకరు. నీళ్లమీద కనిపించేది ఎర్రటి పొట్ట, అందుకని ఎర్రపొట్ట.

ఇవాలు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఏం చెప్పాలి, ఏం తొడుక్కోవాలి, ఎవరి కింద పనిచెయ్యాలి. వాటన్నిటినీ దాటుకుని ఒక్క ప్రశ్న ముందుకొచ్చింది.

"సోఫియె, మా ఇద్దరికీ వేరు వేరు గదులు కాదుగా?"

"అవును," అంది సోఫియె.

ఇవాలు నేలమీది చేప నీళ్లలోనే గంతేసింది. రేడియోలో, ఊళ్లో ఎక్కడినుంచో, ఒక ముసలాయన తాపీగా అన్నాడు. "మంచం కూడా ఒకటేనేమో కనుక్కోవే అమ్మాయ్."

అప్పుడు గుర్తొచ్చింది ఇవాలుకి, ఊళ్లో ప్రతి వంటింట్లోనూ రేడియో మోగుతూనే ఉంటుందని. కొట్టంలో పక్కనున్న ఆడవాళ్లు కత్తులు వదిలేసి కడుపు పట్టుకుని నవ్వారు.

పెళ్లయి పన్నెండు రోజులు. పెళ్లినాడు కూడా ఊరు ఇలాగే నవ్వింది. "పావియాని భర్తగా స్వీకరిస్తావా" అని పాస్టరు గారడిగితే ఇవాలు కనుబొమ్మలు పైకెత్తి ఊరుకుంది. నువుగాక్‌లో అవునంటే అంతే. కాదంటే ముక్కు చిట్లిస్తారు. దానికి నోటిని శ్రమ పెట్టరు. పాస్టరు పుస్తకం మీద పెన్ను పెట్టి చూశాడు. ఇవాలు కనుబొమ్మల్ని ఇంకాస్త పైకెత్తింది. "నోటితో చెప్పమ్మా. దేవుడికి కనిపిస్తోంది గానీ ఈ పుస్తకానికి కనిపించదు," అన్నాడాయన.

కొట్టం తలుపు తెరుచుకుంది. మామగారు ఏనోక్ లోపలికొచ్చి ముక్కు మూసుకున్నాడు.

"అక్కా, చేతులు కడుక్కో. ఓడ ఎక్కే మనిషి దగ్గర రావాల్సిన వాసన ఇదేనా?"

ఆయన కోడల్ని అక్కా అనే పిలుస్తాడు. ఆయన పెద్దక్క ఇవాలు చనిపోయిన శీతాకాలంలోనే ఈ ఇవాలు పుట్టింది. పేరు ఈమెకి వచ్చింది, పేరుతోపాటు వరసా వచ్చింది. పాకే వయసులోనే తమ్ముడు దొరికాడు ఆమెకి, నలభై ఏళ్ల తమ్ముడు. ఇప్పుడు కోడలై ఇంట్లో కాలుపెట్టినా ఆ వరస మారలేదు. మేనత్తని కట్టుకున్న మొనగాడని పావియాని స్నేహితులు ఏడిపిస్తున్నారు.

"తమ్ముడూ, నీ కొడుకుని కూడా పిలిచారు, విన్నావా?"

"విన్నాను. వాడు పడవ నడపడానికి, నువ్వు వాణ్ణి నడపడానికి." ఏనోక్ ఆమె వదిలేసిన చేపని తిరగేసి మిగిలిన పని తనే మొదలుపెట్టాడు. "శుక్రవారం సాయంత్రం ఓడ మన ఊరికి తిరిగొస్తుంది. మీ అత్త ఇప్పుడే కేకులకి పిండి కొలుస్తోంది. మంచు అడ్డమొచ్చి పెళ్లి కాఫీ విందుకి పట్నం వాళ్లు రాలేదని బాధపడిందిగా. ఇప్పుడు తొంభైమంది వస్తారు, చాలా?"

పంతొమ్మిది వేసవులుగా ఎర్రపొట్ట వచ్చినప్పుడల్లా జెట్టీ మీద నిలబడి, మంచు చూసి, దిగొచ్చో లేదో రేడియోలో చెప్పేది ఏనోకే. ఆయన మాట లేకుండా ఒక్క పడవా నీళ్లలోకి దిగదు. ఇప్పుడు అలాంటి మాట చెప్పే పనే ఆయన అక్కకి వచ్చింది. చేప కోస్తూ కోస్తూ ఆయన రెండుసార్లు ఆమెని చూశాడు.

బుధవారం పొద్దున ఓడెక్కారు. గది చూసి ఇవాలు పడీపడీ నవ్వింది. మంచాలు రెండున్నాయి, అయితే ఒకదాని మీద ఒకటి. ముసలాయనకి ఏం చెప్పాలో తేలక కింది మంచంలో ఇద్దరూ ఇరుక్కుని పడుకుని చూశారు. పావియా కాళ్లు బయటికి వచ్చాయి. గుండ్రటి కిటికీలోంచి చూస్తే తమ ఊరి ఇళ్లు ఎర్రగా, నీలంగా, పసుపుగా ఎవరో రాతిమీద ఆరేసిన మేజోళ్లలా ఉన్నాయి. అగ్గిపెట్టెంత సబ్బులు రెండున్నాయి. ఒకటి అత్తగారికని ఇవాలు అప్పుడే సంచిలో దాచేసింది.

ప్రయాణం నడిపించే పెద్ద పేరు లోథార్. పొడుగాటి మనిషి, చలికి ఎర్రబడిన చెవులు, చేతిలో ఎప్పుడూ వెలుగుతూ ఉండే పలక. ఎవరినీ కసరడు. పేరు పెట్టి పిలిచి, చెయ్యి కలిపి మరీ మాట్లాడతాడు.

"ఇవాలూ, ఈ తీరంలో మా కళ్లు నువ్వే. సరేనా?"

ఇవాలు కనుబొమ్మలు ఎత్తింది. లోథార్ పలకలోకి చూస్తున్నాడు. "సరేనా?" అన్నాడు మళ్లీ.

"సరే," అంది నోటితో.

ఆ మధ్యాహ్నం పై అంతస్తులో మొదటి ప్రసంగం. రాజధాని నూక్ కాలేజీలో మూడేళ్లు చదివినా ఇవాలు తొంభైమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. అందుకని తెలిసిన దానితోనే మొదలుపెట్టింది. "ముందు అవుననడం నేర్చుకుందాం," అని కనుబొమ్మలు ఎత్తింది. తొంభై జతల కనుబొమ్మలు లేచాయి. "ఇప్పుడు కాదు," అని ముక్కు చిట్లించింది. తొంభై ముక్కులు ముడుచుకున్నాయి. ముందు వరసలో ఆడెల్ అనే డెబ్బై ఏళ్ల పెద్దావిడ అంత గట్టిగా చిట్లించేసరికి కళ్లజోడు ఒళ్లో పడింది.

"నోటితో చెప్పేటప్పుడు మాత్రం మాకూ మీకూ ఒక తేడా ఉంది," అంది ఇవాలు. "ఇప్పుడు మీరు నన్ను, 'నీకు కాఫీ వద్దా?' అని అడిగారనుకోండి..."

గోడలోని స్పీకర్లోంచి లోథార్ గొంతు వినిపించింది. ఎడమవైపున తిమింగలం. తొంభైమందీ లేచి పరిగెత్తారు. ఖాళీ కుర్చీల మధ్య ఇవాలు ఒక్కతే మిగిలింది. మిగతాది రేపు చెప్పొచ్చులే అనుకుని తనూ తిమింగలాన్ని చూడ్డానికి పరిగెత్తింది. ఎన్నిసార్లు చూసినా దాని తోక నీళ్లలోకి జారే తీరు చూస్తే ఆమెకి నవ్వొస్తుంది.

గురువారం పొద్దున మంచునది ముందుకి వచ్చారు. సముద్రంలోకి దిగిన ఆ మంచుగోడకి కిలోమీటరు దూరంలో సన్నటి గులకరాళ్ల తీరం, దాని వెనక నాచు పరుచుకున్న ఏటవాలు. లోథార్ ముందురాత్రే పలకలో దాని బొమ్మ చూపించాడు. అక్కడ కుదరకపోతే రాతిమొన వెనకున్న తీరం. ఏదో ఒకటి ఇవాలు ముందు వెళ్లి చూసి చెప్పాలి.

పావియా రబ్బరు పడవని తేలుతున్న మంచుముక్కల మధ్యనుంచి మెల్లగా పోనిచ్చాడు. తీరం ఎండలో మెరుస్తోంది, అందంగా ఉంది. ఇవాలు నీళ్లని కాదు, నాచుని చూసింది. పోటు నీళ్ల గీతకి ఇద్దరు మనుషుల ఎత్తు పైన, పచ్చటి నాచు మీద మూడు మంచుముక్కలు పడి ఉన్నాయి. అంచులు ఇంకా కరగలేదు. కింద నాచు నలిగి తడిగా ఉంది.

"నడిచి వెళ్లలేదుగా అవి అక్కడికి," అన్నాడు పావియా.

"రాత్రో పొద్దున్నో పెద్ద ముక్క విరిగుంటుంది. అల అక్కడిదాకా వెళ్లింది." ఇవాలు రేడియో అందుకుంది.

ఆమె నోరు తెరిచేలోపే లోథార్ అడిగేశాడు. అతను ఓడ చుక్కాని గదిలో ఉన్నాడు. వెనకాల మనుషుల మాటలు, బూట్ల చప్పుళ్లు.

"ఇవాలూ, ఏమంటావ్? ఆ తీరం క్షేమం కాదా?"

"అవును," అంది ఇవాలు.

"బాగుంది. థాంక్స్."

అవును, క్షేమం కాదు. ఆమె చెప్పింది అది. లోథార్ పుట్టిపెరిగిన భాషలో మాత్రం ఆ ప్రశ్నకి అవునంటే క్షేమమేనని అర్థం. ఆ సంగతి ఇవాలుకి తెలియనిది కాదు. కాలేజీలో దాని మీద పరీక్ష కూడా రాసింది. కానీ ఎదురుగా నాచుమీద ఆ మూడు ముక్కలుండగా ఎవరికైనా రెండో అర్థం ఉంటుందని ఆమెకి తట్టలేదు. పైగా చెబుతూ చెబుతూ ముక్కు చిట్లించింది కూడా. పావియా చూశాడు. పడవ చూసింది. రేడియో చూడలేదు.

వాళ్లు రాతిమొన వెనక తీరం చూడ్డానికి వెళ్లారు. అక్కడ అంతా సరిగ్గా ఉంది. రాయి అడ్డమొచ్చి రేడియో అందలేదు. చెబుదామని తిరిగి వస్తూ మొన దాటేసరికి గులకరాళ్ల తీరం మీద ఎర్రకోట్లు కనిపించాయి. రెండు పడవలు, ఇరవైమంది.

పావియా ఏమీ అడక్కుండా మర పూర్తిగా తిప్పాడు. పడవ ముందుభాగం గాల్లోకి లేచింది.

"పైకి! అందరూ పైకి ఎక్కండి!" రేడియోలో అరిచింది. పడవ ఆగకముందే మోకాళ్ల లోతు నీళ్లలోకి దూకింది. "ఫొటోలు తర్వాత! పైకి!" ఒకాయన మూడుకాళ్ల కెమెరా మడుస్తున్నాడు. దాన్ని లాక్కుని పైకి విసిరింది. ఆయన దాని వెనక పరిగెత్తాడు. ఆడెల్ బూటు రాళ్లలో దిగబడింది. ఇవాలు ఆమె నడుం చుట్టూ చెయ్యేసి బూటుని అక్కడే వదిలేసి ఈడ్చింది.

ముందు చప్పుడు వినిపించింది. లోతునుంచి, ఆకాశం ఎక్కడో చీలినట్టు. మంచుగోడలో ఒక భాగం తీరిగ్గా కిందికి కూచుంది. ఆ తర్వాత కొన్ని క్షణాలు ఏమీ జరగలేదు. అదే ఇవాలుకి అన్నిటికన్నా భయం వేసిన సమయం. నీళ్లు తీరం నుంచి వెనక్కి తగ్గాయి, గులకరాళ్లు గలగలలాడాయి. అల వచ్చింది.

నాచుమీది మూడు ముక్కలదాకా వచ్చి ఆగింది. ఒడ్డున ఖాళీగా ఉన్న ఒక రబ్బరు పడవని తల్లకిందులు చేసి ఈడ్చుకుపోయింది. అందరికంటే కిందనున్న ఆడెల్, ఇవాలు నడుందాకా తడిశారు. జారిపడినప్పుడు ఆడెల్ మణికట్టు విరిగింది. అంతకన్నా ఎవరికీ ఏమీ కాలేదు.

"బూటు పోయింది," అంది ఆడెల్ తెల్లబోయిన మొహంతో. "కొత్తది."

మధ్యాహ్నం లోథార్ ఇవాలుని తన గదికి పిలిచాడు. ఆమె కూర్చున్నాక కాగితం ముందుకి జరిపాడు. ఒకటే పేజీ. అందులో ఒక వాక్యం దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. తీరం క్షేమమేనని స్థానిక మార్గదర్శి రేడియోలో ధ్రువీకరించింది.

"నేను అలా చెప్పలేదు."

"అవునన్నావు. చుక్కాని గదిలో అన్నీ రికార్డవుతాయి. వినిపించనా?"

"వద్దు. అవునన్నాను. మీరు క్షేమం కాదా అన్నారు. అవునన్నాను. అవును, కాదు."

లోథార్ కణతలు నొక్కుకున్నాడు. "అవునా, కాదా? ఏదో ఒకటి చెప్పు."

"అవును. కాదు."

తనకే నవ్వొచ్చేలా ఉంది. కానీ నవ్వే సమయం కాదు.

"నేను నిన్ను తప్పు పట్టడం లేదు," అన్నాడు లోథార్ మెల్లగా. "భాష తేడా, ఎవరికైనా జరుగుతుంది. సంతకం పెట్టేస్తే చిన్న పొరపాటుగా ముగిసిపోతుంది. వచ్చే వేసవి ఎనిమిది ప్రయాణాలున్నాయి, మీ ఇద్దరి పేర్లూ నేనే రాస్తాను. పెట్టకపోతే కంపెనీలో ఏమనుకుంటారో తెలుసుగా? ఈ తీరంలో స్థానికుల మాట నమ్మలేం అనుకుంటారు. నువుగాక్‌లో ఆగడం మానేస్తారు. అప్పుడు నేను కూడా ఏమీ చెయ్యలేను."

ఇవాలు పెన్ను తీసుకుంది. "భాష తేడా అని ఇక్కడ రాయండి. పెడతాను."

"అలా రాస్తే ప్రశ్న నేను తప్పుగా అడిగినట్టవుతుంది."

"అవును," అంది ఇవాలు.

ఆ అవునుకి మాత్రం ఏ భాషలోనైనా ఒకటే అర్థం. లోథార్ చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. ఇవాలు పెన్నుకి మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా ఉంచి, లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం మార్గదర్శుల పట్టికలో ఆమె పేరు లేదు. దాని బదులు ఓడలో పనిచేసే ఒక అమ్మాయి వచ్చి, పెళ్లినాటి పూసల దుస్తులు వేసుకుని భోజనాల గది తలుపు దగ్గర నిలబడగలరా, ఫొటోలకి బాగుంటుంది అని అడిగింది. ఇవాలు ముక్కు చిట్లించింది. నిన్నటి పాఠం గుర్తున్నట్టుంది, ఆ అమ్మాయి మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

"దిగిపోదాం," అన్నాడు పావియా. కింది మంచం మీద బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నాడు. "పడవ దింపుకుని ఇంటికి పోదాం. ఆరు గంటల దారి. వాళ్ల కాగితం వాళ్లే నమిలి మింగమను."

"దిగితే ఒప్పుకున్నట్టే. నేను ఎక్కడికీ పోను. రేపు మన ఊరి ముందు, అందరూ చూస్తుండగా, ఈ ఓడ మీంచి మార్గదర్శిగానే దిగుతాను."

"ఓడ ఇక రాకపోతే?"

సంతకం తనది, నష్టం ఊరిది. అత్తగారు కొలిచిన పిండి, కొట్టంలో ఆడవాళ్లు శీతాకాలమంతా కుట్టిన పూసల పట్టీలు, పంతొమ్మిది వేసవులుగా జెట్టీ మీద మామగారు నిలబడే చోటు. తన ఒక్కదాని పట్టుదలతో ఇవన్నీ పోతాయేమో. ఆ ఆలోచన వచ్చాక కిటికీలో ఇంకా అస్తమించని వేసవి సూర్యుడున్నా చలి వేసింది.

పడవ రేడియో తీసుకుని బయటికి వెళ్లింది. ఎవరు వింటే విననీ అనుకుంది. తన భాషలో పిలిచింది.

"తమ్ముడూ."

"ఇక్కడే ఉన్నాను, అక్కా." ఏనోక్ అప్పటికే రేడియో పక్కన కూర్చున్నట్టున్నాడు. "పొద్దున అంతా విన్నాం. నువ్వు కాదన్నావు, వాళ్లు దిగారు. అందరూ బాగానే ఉన్నారా?"

ఇవాలు ముక్కు తుడుచుకుంది. నువ్వు కాదన్నావు. ఊరంతా విన్నది అదే. ఒక్కరికీ అనుమానం రాలేదు.

"క్షేమమన్నానని రాసుకున్నారు. సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే ఓడ ఇక మనూరు రాదట."

"పెట్టలేదా?"

"అవును."

"అలాగా." ఊరంతా వింటోందని ఇవాలుకి తెలుసు. "అక్కా, ఆ పేరు నీ ఒక్కదానిదీ కాదు. నీకంటే ముందు అరవై ఏళ్లు మా అక్క దాన్ని మోసింది. ఆవిడ అబద్ధం కింద పేరు రాయడం నేనెప్పుడూ చూళ్లేదు. ఇప్పుడూ చూడను."

మధ్యలో అత్తగారు హాన్సీనె అందుకుంది. "కేకులు మూడయ్యాయి, నాలుగోది పొయ్యిలో ఉంది. వాళ్లు రాకపోతే మనమే తింటాం. నువ్వు ఏడవకు."

"నేను ఏడవడం లేదత్తా."

"ముక్కు కారుతున్నట్టు వినిపిస్తోంది, అందుకని అన్నా. రేపు రండి, చూద్దాం."

శుక్రవారం సాయంత్రం ఎర్రపొట్ట నువుగాక్ ముందు నిలబడింది. ఊరికీ ఓడకీ మధ్య తెల్లటి మంచుముక్కలు నెమ్మదిగా ఉత్తరానికి జరుగుతున్నాయి. ప్రయాణికులు కోట్లు వేసుకుని మెట్ల దగ్గర వరస కట్టారు. ఇవాలుని ఎవరూ పిలవలేదు. అయినా చుక్కాని గదిలోకి వెళ్లి కిటికీ పక్కన నిలబడింది. కెప్టెన్ యోగ్వాన్ ఆమెని చూసి తల పంకించి కాఫీ కప్పు పట్టుకున్న చేత్తోనే చోటు చూపించాడు. ఫారో దీవుల మనిషి, పొదుపుగా మాట్లాడతాడు. ఆయన ముందు బల్లమీద ఆ కాగితం ఉంది. లోథార్ సంతకం ఉంది, ఇంకా రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి.

లోథార్ రేడియో అందుకున్నాడు. "ఏనోక్, శుభ సాయంత్రం. జెట్టీ దగ్గర మంచు అడ్డం లేదు కదా?"

"అవును," అన్నాడు ఏనోక్. పంతొమ్మిదేళ్లుగా ఓడలవాళ్లతో మాట్లాడిన భాషలోనే అన్నాడు.

పడవలు దింపమని చెప్పడానికి లోథార్ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది.

"అంటే, లేదనా? ఉందనా?"

"అవును."

"మేం ఇప్పుడు దిగకూడదా?"

"అవును."

"ఏనోక్, దయచేసి. దిగొచ్చా, దిగకూడదా?"

"అవును," అంది హాన్సీనె వంటింట్లోంచి.

"అవును," అన్నాడు పాస్టరు గారు, పెళ్లిలో మాట్లాడిన గొంతుతోనే.

"అవును," అన్నారు చేపల కొట్టం ఆడవాళ్లు ముగ్గురు ఒకేసారి. మంచం సంగతి అడిగిన ముసలాయన అందరికంటే చివర, తీరిగ్గా, "అవునవును," అన్నాడు.

ఇవాలు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఊరు ఇలా చేస్తుందని ఎవరూ ఆమెకి ముందే చెప్పలేదు. కళ్లు మండుతున్నాయి, కడుపులో నవ్వు పొంగుతోంది, ఏది ముందు బయటపడుతుందో తెలియడం లేదు.

లోథార్ రేడియో మీట వదిలేశాడు. కింద ప్రయాణికులు కదులుతున్నారు. యోగ్వాన్ కాఫీ పూర్తిగా తాగి కప్పు బోర్లించాడు.

"ఎన్ని అవునులు విన్నావ్, లోథార్?"

"లెక్కపెట్టలేదు."

"ఒక్కటైనా అర్థమైందా?"

"లేదు."

"మరి నిన్నటి ఒక్క అవును ఎలా అర్థమైంది?"

లోథార్ కాగితం వైపు చూశాడు, తర్వాత ఇవాలు వైపు. మూడు రోజుల్లో అతను ఆమె మొహాన్ని అంతసేపు చూడడం అదే మొదలు.

"నేను మళ్లీ అడగలేదు," అన్నాడు.

"అదే రాయండి," అంది ఇవాలు.

యోగ్వాన్ పెన్ను అతనికి అందించాడు. లోథార్ ఆ పాత వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. దాని పైన, పలక మీద కాకుండా చేత్తో, వంకరటింకరగా రాశాడు. "తీరం క్షేమం కాదా అని అడిగాను. మార్గదర్శి అవునంది. కాదని దానర్థం. నేను మళ్లీ అడగకుండా పడవలు దించాను." వచ్చే వేసవి సంగతి అతను ఎత్తలేదు. ఇవాలూ అడగలేదు. రెండుసార్లు చదివి కింద తన పేరు రాసింది. ఒక్కో అక్షరాన్నీ ఎవరో తన భుజం మీంచి చూస్తున్నట్టు, పలకమీద మొదటిసారి దిద్దినంత శ్రద్ధగా రాసింది.

తర్వాత బైనాక్యులర్ తీసుకుని ఊరివైపు చూసింది. జెట్టీ చివర ఏనోక్ నిలబడి ఉన్నాడు. పక్కన అప్పుడే వంటింట్లోంచి వచ్చిన హాన్సీనె, చేతికి ఇంకా పిండే. ఏనోక్ దగ్గర కూడా బైనాక్యులర్ ఉంది, సరిగ్గా ఓడవైపే తిప్పి ఉంది. ఇవాలు కిటికీ అద్దానికి దగ్గరగా వచ్చి దిగొచ్చా అన్నట్టు జెట్టీ వైపు వేలు చూపించింది.

ఏనోక్ బైనాక్యులర్ దించి, మొహం బాగా కనబడేలా ఎత్తి, ముక్కు చిట్లించాడు.

"ఇవాళ వద్దు," అంది ఇవాలు. "మంచు ఇంకా కదులుతోంది. పొద్దున ఆటుకి పోతుంది."

"ఇవాళ వద్దు," అన్నాడు లోథార్ కింది వాళ్లతో. ఈసారి ఆమె వైపు తిరిగి, మొహంలో మొహం పెట్టి, "వద్దనే కదా?" అనబోయి ఆగి, మాట మార్చుకున్నాడు. "దిగమంటావా?"

ఇవాలు ముక్కు చిట్లించింది. అతను తల ఊపాడు.

రేడియో ఇవ్వమని చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు. మొదట ఓడ కోసం వాళ్ల భాషలో చెప్పింది, తర్వాత ఊరికి తన భాషలో.

"అందరూ వినండి. రేపు పొద్దున తొమ్మిదింటికి దిగుతాం. మొదటి పడవలో నేనూ లోథార్ గారూ మాత్రమే వస్తాం. పడవ పావియా నడుపుతాడు. రేడియో ఉండదు. లోథార్ గారు నా మొహం చూస్తారు, నేను మంచు చూస్తాను. కనుబొమ్మలు లేస్తే ఆయన చెయ్యి ఊపుతారు, మిగతా పడవలు వస్తాయి. తర్వాత మా ఇంట్లో పెళ్లి కాఫీ. బూట్లు గుమ్మం బయట విప్పాలి, ఒక బూటే ఉన్న ఆడెల్ గారు ఒకటే విప్పితే చాలు. పదిహేనుమంది చొప్పున లోపలికి రావాలి, తిని లేచి వెనకవాళ్లకి చోటివ్వాలి. గుమ్మం దగ్గర మా మామగారు ఒక్కో ప్రశ్న అడుగుతారు. నోరు తెరవకుండా జవాబు చెప్పినవాళ్లకే కేకు."

కింద మెట్ల దగ్గర గోడలోంచి అది విన్న ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. కట్టు కట్టిన చేతిని ఎత్తుకుని ఆడెల్ అందరికంటే ముందే కనుబొమ్మలు సాధన చేస్తోంది.

రేడియో గరగరలాడింది. హాన్సీనె గొంతు. అప్పుడే వంటింటికి తిరిగెళ్లినట్టుంది, వెనకాల పళ్లెం చప్పుడు.

"ఏమే, తొంభైమందికి నాలుగు కేకులు చాలవా?"

"అవునత్తా," అంది ఇవాలు.

"అయితే ఇంకో మూడు పెడుతున్నా."